చింతగింజంత వెలుతురు

చిలకలూరిపేట నుంచి గుంటూరు ఆటోనగర్ దాకా నలభై కిలోమీటర్లు. బండి గేటు లోపలికి తిరిగేసరికి పదిన్నర దాటింది. ఫిలిప్ ఇంజను ఆపి, భుజంతో తలుపు తోసి కిందికి దిగాడు. ఎడమకాలి ప్యాంటు మోకాలిదాకా మడిచి, ఆ కాలిని గాలికి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్లుగా బండి దిగిన ప్రతిసారీ చేసే పనే అది. పిక్క మీద అరచెయ్యంత మేర చర్మం నల్లబడి, బిరుసెక్కి, వెంట్రుక మొలవడం మానేసింది.

చెవుల్లో మోత ఇంకా తగ్గలేదు. దిగాక పావుగంట దాకా తగ్గదు. షెడ్డు ముందు నిలబడ్డ జయదేవ్ నోరు కదులుతోంది గానీ మాట అందడం లేదు.

"నిన్నే ఫిలిప్! నీడలోకి పెట్టమంటున్నా!"

ఫిలిప్ మళ్లీ ఎక్కి బండిని రేకుల షెడ్డు కిందికి జరిపాడు. అరవై నాలుగో సంవత్సరం నాటి పికప్పు అది. గుండ్రటి ముక్కు, కప్పకళ్లలాంటి లైట్లు, వెనక పొట్టి తొట్టి. పెట్రోలు ఇంజను ఎప్పుడో పీకేసి డీజిలు ఇంజను కూర్చోబెట్టారు. లక్ష్మీనరసింహం గారి విత్తనాల షాపు సరుకంతా దీని మీదే మార్టూరు, అద్దంకి, పర్చూరు ఊళ్లకి వెళ్లింది. మొన్న సంక్రాంతి దాటాక షాపుకి కొత్త బండి వచ్చింది. పాతదాన్ని ఆయన తమ్ముడి కొడుకు జయదేవ్ అడిగి తీసుకున్నాడు. అతనికి మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం. పైగా ఊరి చివర ఒక తోట తీసుకుని, పెళ్లి ఫోటోలు తీయించుకునే జంటలకి అద్దెకిస్తున్నాడు. ఈ బండిలో పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ కూర్చోబెట్టి తిప్పుతాడట. పైన రంగు ఇదివరకే అయిపోయింది, లేత ఆకుపచ్చ. ఇక మిగిలింది కేబిన్ లోపలి పని.

ఆ షెడ్డు హయాత్‌ది. ఆయన బళ్ల సీట్లకి కుషన్ పని చెయ్యబట్టి నలభై ఏళ్లు. కళ్లద్దాలు ముక్కు చివరకి జారి ఉంటాయి, కుడి మోకాలు వంగదు. ఆయన బల్లమీద కరెంటు స్టవ్వు పెట్టి, దానిమీద అట్లపెనం పెట్టి, పెనం మీద నాలుగు రకాల ముక్కలు వరసగా పరిచాడు.

"చెయ్యి పెట్టి చూడండి సార్. నేను చెప్పేదేముంది, మీ చెయ్యే చెబుతుంది."

జయదేవ్ మొదటి ముక్క మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేశాడు. ముక్క అంచు కరిగి పెనానికి అంటుకుంది. తారు వాసన.

"ఇది తారు షీటు. అందరూ వేసేది ఇదే. మన ఎండలకి టాపు నుంచి ఊడి నెత్తిమీద పడుతుంది. రెండోది జనపనార ఫెల్టు. వేడిని బాగానే ఆపుతుంది గానీ, ఈ బండికి అద్దం రబ్బరు దగ్గర వాన కారుతుంది. నీళ్లు తాగి కూర్చుంటే లోపల రేకు తుప్పు. మూడోది ఇదిగో, వెండి కాగితం అంటించిన బ్యూటైల్ షీటు. ఇది మోతకి. రేకు వణక్కుండా పట్టుకుంటుంది. అంతే, వేడిని మాత్రం పెద్దగా ఆపదు. వేడికి ఈ నాలుగోది. బొయిలర్ల దగ్గర వాడే పీచు. చెయ్యి పెట్టండి."

జయదేవ్ భయం భయంగా వేలు పెట్టాడు. తరువాత అరచెయ్యి మొత్తం ఆనించి, అలాగే ఉంచి నవ్వాడు. "అరె, ఏమీ లేదే!"

"మోతకి ఒకటి, వేడికి ఒకటి. రెండూ వెయ్యాలి. టాపుకి మాత్రం తేలికపాటి ఫోమ్ చాలు."

"అన్నీ మంచివే వెయ్యండి. పెళ్లికూతురి మేకప్ కారిపోతే నా పని అయిపోతుంది" అన్నాడు జయదేవ్. తరువాత ఫిలిప్ వైపు చూశాడు. "నువ్వు కూడా చూడు ఫిలిప్."

ఫిలిప్ ముందుకొచ్చి నాలుగో ముక్క మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. కింద పెనం సెగలు కక్కుతోంది. ఆ ముక్క అరచెయ్యి మందాన కూడా లేదు. అతను చెయ్యి తియ్యలేదు. జయదేవ్ ఫోను మోగి అవతలికి వెళ్లాక కూడా అలాగే నిలబడ్డాడు.

"ఇవెప్పట్నించి దొరుకుతున్నాయి భాయ్?"

"పీచా? నేను పనిలోకొచ్చినప్పటి నుంచీ ఉంది" అన్నాడు హయాత్, స్టవ్వు ఆపుతూ. "అడిగేవాడుండాలి గాని."

ఆయన చాక్‌పీసు తీసి ఫిలిప్ చేతికిచ్చాడు. "వేడి ఎక్కడెక్కడ కొడుతుందో గుర్తు పెట్టు. నేను వెతికితే రెండు రోజులు పడుతుంది."

ఫిలిప్‌కి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గేరు రాడ్డు మొదట్లో తోలు చిరిగిన చోట ఒక సున్నా. సైలెన్సర్ పైపు కిందుగా పోయే చోట నేలమీద పొడవాటి గీత. బ్యాటరీ వైర్లు దూరే చోట ఒకటి. సీటు కింద రెండు. తలుపు కింది మూల ఒకటి. పెడళ్ల వెనక ఉన్నదాన్ని నేల మ్యాట్టు తీశాక చూపిద్దామని వదిలాడు.

"కళ్లకు కట్టినట్టు పెట్టావే" అన్నాడు హయాత్.

"కాలికి కట్టింది భాయ్" అన్నాడు ఫిలిప్. అలా అన్నందుకు తనకే నవ్వొచ్చింది. ఎవరితోనైనా నవ్వుతూ ఒక మాట అని ఎన్నాళ్లయిందో.

ఆ సాయంత్రం బస్సులో పేటకి తిరిగి పోతూ కిటికీలోంచి చూశాడు. రోడ్డు పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. తలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. బస్సులో అందరికీ ఒక్కసారిగా దగ్గొచ్చింది. జయదేవ్ బాబు తోటకి డ్రైవరు కావాలి కదా, ఈ బండి గేర్లు తనకు తప్ప ఇంకెవరికీ లొంగవు కదా అనుకున్నాడు. చల్లటి కేబిన్లో, మోత లేకుండా, ఇంకో ఐదారేళ్లు. ఎవరూ అతనికి ఆ మాట చెప్పలేదు. అయినా గణపవరం రోడ్డులో తన గది తాళం తీస్తూ, కూజాలో నీళ్లు వంచుకుంటూ, మెస్ నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పుతూ అదే అనుకున్నాడు. భార్య రెబెకా పోయి తొమ్మిదేళ్లయింది. గదిలో మాట వినపడేది ఫోను మోగితేనే. ఆ పూట అదీ మోగలేదు.

*

మర్నాడు తొమ్మిదింటికల్లా సీటు ఊడి బయటికొచ్చింది. నేల మ్యాట్టు ఒకపట్టాన రాలేదు. దానికింద గోనెసంచులు, ఒకదానిమీద ఒకటి, ఏ ఏడాదికా ఏడాది వేసినవి. నూనె, దుమ్ము, చెమట పట్టి చెక్కలా గట్టిపడ్డాయి. ఫిలిప్ మోకాళ్లమీద కూర్చుని స్క్రాపరుతో పెళ్లగించాడు. అడుగుపొరలో పత్తి పింజలు, ఎండు మిరపగింజలు, ఒక ప్లాస్టిక్ దువ్వెన ముక్క.

"ఎన్ని పొరలు?" హయాత్ అడిగాడు.

"లెక్కపెట్టలేదు. ఎండలు ముదిరాక ఒకటి వేసేవాణ్ని."

ఇద్దరూ మధ్యాహ్నం దాకా తుప్పు గీకారు. వైరు బ్రష్షు పట్టి ఫిలిప్ రుద్దితే, హయాత్ థిన్నరు గుడ్డతో తుడిచి రెడాక్సైడ్ పూశాడు. రంగు ఆరాక పాత న్యూస్ పేపర్లు నేలమీద పరిచి, మడతలు తీసి, మూలలు కత్తిరించి కొలతలు తీసుకున్నారు. ఆ కాగితాన్ని షీటు మీద పెట్టి పెన్నుతో గీసి కోయాలి. హయాత్ కోస్తే గీత మీద వెంట్రుకవాసి తేడా రాదు. బ్యూటైల్ షీటు వెనక కాగితం ఒలిచి, ఒక అంచు ఆనించి, చిన్న ఇనుప రోలరుతో మధ్యనుంచి బయటికి తొయ్యాలి. గాలిబుడగ మిగిలితే అక్కడ చెమ్మ చేరుతుంది. ఫిలిప్ రోలరు తోసిన చోటల్లా హయాత్ వేలి కణుపుతో కొట్టి చూశాడు. ముందు డబ్బాలా ఖంగుమన్న రేకు ఇప్పుడు టక్కుమని ఆగిపోతోంది.

"నీకు చెయ్యి తిరిగింది" అన్నాడు హయాత్. "డ్రైవింగు మానేస్తే ఇదన్నా చేసుకుంటావు."

"ఎందుకు మానేస్తాను భాయ్?"

హయాత్ రోలరు తీసుకుని పక్కకి జరిగాడు.

పైన పీచు కూడా పరిచాక, మూడింటికి కారు వచ్చి ఆగింది. లక్ష్మీనరసింహం గారు దిగారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల ధోవతి, చేతిలో మంచినీళ్ల సీసా. వెనక జయదేవ్. ఫిలిప్ చేతులు గుడ్డకి తుడుచుకుని పక్కన నిలబడ్డాడు. జయదేవ్ ఒక హాలోజన్ దీపాన్ని ఇంజను వైపు రేకుకి దగ్గరగా పెట్టించాడు. పది నిమిషాలు ఆగి, పెదనాన్నని లోపలికి వంగి చెయ్యి పెట్టమన్నాడు.

ఆయన అటువైపు సెగ చూశారు, ఇటువైపు పీచు మీద చెయ్యి పెట్టారు. మళ్లీ అటు చూశారు. ముఖం విప్పారింది.

"ఓరి, ఎంత చల్లగా ఉందిరా! ఇదేదో ఫ్రిజ్జులా ఉందే!" ఫిలిప్ వైపు తిరిగారు. "ఏరా ఫిలిప్పూ, ఇలాంటివి ఉంటాయని ముందే చెప్పకపోయావా? ఇన్నాళ్లూ ఆ కొలిమిలో కూర్చుని తోలావు. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే నేను వద్దంటానా?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే నొచ్చుకుంటున్నారు. ఫిలిప్ అడగకపోలేదు. మొదటి ఎండాకాలం అడిగాడు. "గోనెసంచి వేసుకోరా" అన్నారు. పిక్క మీద బొబ్బలు లేచిన ఏడాది, చూపించి అడిగాడు. "డ్రైవరువా, పెళ్లికొడుకువా?" అన్నారు, గుమాస్తాలంతా నవ్వారు. తరువాత కూడా అడిగాడు. ఈయన మరిచిపోయారు. కావాలని కాదు. గుర్తుంచుకోదగ్గ మాటగా ఎన్నడూ అనిపించలేదు, అంతే.

"చెప్పలేదు కదండీ" అన్నాడు ఫిలిప్. ఎందుకలా అన్నాడో అతనికే తెలియలేదు.

"అదే మరి, నీతో వచ్చిన చిక్కు. సర్లే. ఇక నీకీ ఎండలో తిరుగుడు లేదు. కొత్త బండికి కోటేష్ ఉన్నాడు. నువ్వు గోడౌను దగ్గర కూర్చో. తలుపులు తీయడం, వెయ్యడం, అంతే పని."

"మరి ఈ బండి..." అన్నాడు ఫిలిప్, జయదేవ్‌ని చూస్తూ.

"దీనికి నేను వేరేవాళ్లని మాట్లాడుకున్నా ఫిలిప్. రేపు వస్తారు. కాస్త గేర్లు అవీ చూపించి, తోటదాకా తోడు రా, చాలు."

కారు వెళ్లిపోయింది. హయాత్ టీ తెప్పించి ఒక గ్లాసు ఫిలిప్ పక్కన పెట్టాడు. ఫిలిప్ తాగలేదు. గ్లాసు మీద ఈగ వాలింది.

ఐదు గంటలకి హయాత్ కేబిన్ అద్దాలకి నల్లగుడ్డ కప్పాడు. "లోపలికెక్కు. నేను ఇంజను వైపు నుంచి బల్బు తిప్పుతా. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ గాలి దూరుతున్నట్టు. నా కళ్లకి అంత సన్నం ఆనదు, మోకాలు కూడా వంగదు. నువ్వే చూడాలి."

ఫిలిప్ ఎక్కి తలుపు వేసుకుని, నేలమీద పక్కకి ఒరిగి పడుకున్నాడు. చీకటి. కొత్త జిగురు వాసన. బయట హయాత్ చెప్పుల చప్పుడు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపించింది.

"బ్యాటరీ వైపు?"

"లేదు భాయ్."

"మధ్యలో?"

"లేదు."

"స్టీరింగు వైపు?"

పెడళ్ల బ్రాకెట్టు వెనక, షీటు కత్తిరించి వదిలెయ్యాల్సిన చోట, చింతగింజంత వెలుతురు కనిపించింది. మ్యాట్టు తీశాక చూపిద్దామనుకుని, పనిలో పడి మరిచింది అదే, పాత పెట్రోలు ఇంజను నాటి యాక్సిలేటరు రాడ్డు దూరిన చిల్లు. ఇంజను మార్చినప్పుడు మూయడం మరిచారు. అవతల స్టీరింగు పెట్టె అడ్డు ఉండటంతో వెలుతురు అంతే కనిపిస్తుంది గానీ, చిల్లు మాత్రం వేలు దూరేంత. అరగంట పరుగెత్తాక, సైలెన్సరు ఎర్రబడ్డాక, క్లచ్ మీద ఉన్న కాలికి సూటిగా అక్కడినుంచే కొడుతుంది. ఆగి ఉన్నప్పుడు చెయ్యి పెట్టినా తెలియదు.

"ఏం ఫిలిప్? ఉందా?"

వెలుతురు అతని కంట్లోనే పడుతోంది. ముందే చెప్పకపోయావా, అన్నారు అయ్యగారు. డ్రైవరు వచ్చినా జయదేవ్ బాబు కూడా తోలుతాడు దీన్ని. స్నేహితుల్ని ఎక్కించుకుని తోలుతాడు. ఒక్కరోజు, ఒక్క అరగంట ఆ కాలికీ తెలియాలి.

"లేదు భాయ్" అన్నాడు ఫిలిప్.

"అల్‌హందులిల్లా" అని హయాత్ బల్బు ఆపాడు.

*

మూడోరోజు కార్పెట్టు, సీటు, తలుపు ప్యాడ్లు బిగించేసరికి రెండయింది. సొల్యూషన్ పూసి, అది చేతికి అంటనంతవరకు ఆరనిచ్చి, అప్పుడు అతికించాలి. పెడళ్ల దగ్గర కార్పెట్టు ఫిలిప్పే అతికించాడు. చీలిక పెట్టి, బ్రాకెట్టు చుట్టూ తిప్పి, అంచులు లోపలికి మడిచాడు. పైకి చూస్తే ఏ లోపమూ లేదు.

పనంతా అయ్యాక నీలం చుడీదారు వేసుకున్న అమ్మాయి షెడ్డులోకి వచ్చి అటూ ఇటూ చూసింది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఉంటాయి. పొట్టి మనిషి. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా.

"ఫిలిప్ గారంటే ఎవరండీ? నా పేరు షారోన్. జయదేవ్ సార్ పంపించారు, బండి తీసుకెళ్లమని."

ఫిలిప్ ఆమెని ఎగాదిగా చూశాడు. "నువ్వా డ్రైవరు?"

"అవును బాబాయ్. మంగళగిరిలో స్కూలు వ్యాను తోలేదాన్ని. ఆ స్కూలు మూసేశారు." ఆమె నవ్వబోయి మానేసింది. "లేడీ డ్రైవరైతే పెళ్లికూతుళ్లకి ఇబ్బంది ఉండదని సార్ అనుకున్నారంట. రోజూ స్టేషన్ నుంచి తోటకి, తోట నుంచి నది ఒడ్డుకి తిప్పాలి. ఈ నెల చూసి, బాగుంటే ఉంచుతామన్నారు."

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు కాలితో తన్ని చూసి, ఎక్కింది. సీటు పూర్తిగా ముందుకి జరుపుకుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కాలి వేళ్లతో క్లచ్ తొక్కి చూసింది. ఆమె పిక్క సరిగ్గా ఆ బ్రాకెట్టు ముందుకొచ్చి ఆగింది.

"బాబాయ్, బండి సంగతంతా మీకే తెలుసని చెప్పారు. నాకేమన్నా చెప్పాల్సింది ఉందా?"

హయాత్ పక్కనే ఉన్నాడు, పనిముట్లు సర్దుకుంటూ.

"సెకండ్ గేరు కొంచెం మొండి. క్లచ్ రెండుసార్లు తొక్కు" అన్నాడు ఫిలిప్, అటువైపు నుంచి ఎక్కుతూ.

హైవే మీదకి వచ్చాక షారోన్ చెయ్యి కుదిరింది. తోలడం తెలిసిన మనిషే. ఫిలిప్ ఇంతకాలంలో పక్కసీట్లో కూర్చోవడం అదే మొదలు. లారీలు పక్కనుంచి పోతుంటే చప్పుడు ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. ఆమె మామూలు గొంతుతో మాట్లాడుతోంది, ప్రతి ముక్కా వినిపిస్తోంది. అమ్మకి కీళ్లనొప్పులట. తనకి లారీ లైసెన్సు కూడా తీసుకోవాలని ఉందట. చర్చిలో డ్రైవరక్కా అని పిలుస్తారట.

ఒకసారి, ఏవో ప్రార్థన కూటాలకి, రెబెకాని ఈ బండిలో ఎక్కించుకుని ఒంగోలు దాకా వెళ్లాడు ఫిలిప్. దారి పొడుగునా రెబెకా ఏదో చెబుతూనే ఉంది. మోతలో అతనికి ఒక్క ముక్క అందలేదు. ఊ కొట్టాడు. దిగాక ఏమన్నావని అడిగితే, "ఏం లేదులే, అయిపోయింది" అంది. ఆ మాట ఇన్నేళ్లకి ఇప్పుడు గుర్తొచ్చి ఫిలిప్ కిటికీ వైపు తిరిగాడు.

నంబూరు దాటాక షారోన్ మాటలు తగ్గాయి. ఎడమకాలు ఒకసారి ఎత్తి పక్కన పెట్టింది. లారీ అడ్డొస్తే మళ్లీ క్లచ్ మీదికి తెచ్చింది. పెదవి లోపలికి మడిచి పళ్లకింద పెట్టుకుంది. కాలు కొంచెం తిప్పి, మడమ మీద ఆనించి, చుడీదారు అంచు కిందికి లాక్కుంది. అవన్నీ ఫిలిప్‌కి తెలిసినవే. ఆ తిప్పడం, ఆ లాక్కోవడం. తన కాలు చేసేవే, ఇప్పుడు పక్కనుంచి చూస్తున్నాడు.

"ఏమన్నా వేడిగా ఉందా అమ్మా?"

"అబ్బే, లేదు బాబాయ్! చాలా బాగుంది" అంది ఆమె తటాలున. నుదుటిమీద చెమట పట్టింది. "సార్‌కి చెప్పండి, చాలా బాగుందని చెప్పండి."

ఫిలిప్ నేల వైపు చూశాడు. క్లచ్ తొక్కుతుంటే చుడీదారు అంచు పైకి జరిగి, ఆమె పిక్క మీద అప్పుడే ఎర్రగా కమిలిన చోటు కనిపించింది.

"బండి పక్కకి ఆపు."

"ఎందుకు బాబాయ్? నేనేమన్నా తప్పు..."

"ఆపమ్మా."

ఆమె ఆపింది. భయంతో స్టీరింగు రెండు చేతులా పట్టుకునే ఉంది. ఇంజను ఆగాక కేబిన్ లోపల ఇద్దరి ఊపిరి వినిపించింది.

"నీ కాలి దగ్గర చిల్లుంది" అన్నాడు ఫిలిప్. "వెనక్కి పోయి మూయించాలి."

"వద్దు బాబాయ్. నాలుగింటికి రమ్మన్నారు సార్. మొదటిరోజే ఆలస్యమైతే, పైగా వంక పెట్టానంటే... నేను సర్దుకుంటా. ఏదన్నా గుడ్డ అడ్డం పెట్టుకుంటా."

గుడ్డ అడ్డం పెట్టుకుంటా. ఫిలిప్ జేబులోంచి ఫోను తీశాడు. జయదేవ్ నంబరు కలిపాడు.

"బాబూ, ఫిలిప్‌ని. రావడం ఆలస్యమవుతుందండి. పెడళ్ల వెనక చిల్లు ఒకటి ఉండిపోయింది. కాలికి సెగ కొడుతుంది. వెనక్కి తీసుకుపోతున్నాం."

"హయాత్ చూసుకోలేదా? ఆయన మీద అంత నమ్మకం పెట్టుకుంటే!" జయదేవ్ గొంతు ఆ నిశ్శబ్దంలో షారోన్‌కి కూడా స్పష్టంగా వినిపిస్తోంది. "ఆ అమ్మాయేమన్నా కంప్లయింటు చేస్తోందా?"

"హయాత్ భాయ్ తప్పు లేదండి. ఆ అమ్మాయి బాగుందనే అంటోంది. చిల్లున్నట్టు నాకు తెలుసు. నిన్న నేనే లేదన్నాను."

"తెలిసి చెప్పలేదా? అదేంటి ఫిలిప్? ఎందుకు?"

ఫిలిప్ అద్దంలోంచి రోడ్డు వంక చూశాడు. మిరపబస్తాల లారీ ఒకటి, దాని వెనక ఇంకొకటి.

"ఇది చెప్పలేదండి, అది నా తప్పే. మిగతావన్నీ ఇరవై రెండేళ్లు చెప్పాను. అయ్యగారికి గుర్తులేదు. నిన్న చెప్పలేదు కదండీ అన్నాను చూడండి, అది అబద్ధం. మీరైనా ఆయనకి చెప్పండి."

ఫోనులో ఏదో తలుపు వేస్తున్న చప్పుడు వినిపించింది. జయదేవ్, "సరే. పని చేయించుకునే రండి" అని పెట్టేశాడు.

షారోన్ అతని వైపు చూడలేదు. తాళం తిప్పింది.

*

హయాత్ షట్టరు సగం దించుకున్నాడు. బండి తిరిగి రావడం చూసి మళ్లీ ఎత్తాడు. ఫిలిప్ చెప్పిందంతా విన్నాడు.

"నిన్న బల్బు పెట్టినప్పుడు?"

"కనిపించింది భాయ్."

హయాత్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకోలేదు. "నా కళ్లు సరిగ్గా లేవనేగా నిన్ను చూడమన్నా" అన్నాడు. డ్రిల్లు, రివెట్లు, కత్తిరించిన చిన్న రేకు ముక్క, సీలెంటు ట్యూబు, పీచు ముక్క తెచ్చి సీటు మీద పెట్టి, తను స్టూలు మీద కూర్చున్నాడు.

ఫిలిప్ వెల్లకిలా పడుకుని, తల పెడళ్ల కిందికి దూర్చాడు. తనే మడిచి అతికించిన కార్పెట్టు తనే ఊడదీశాడు. బ్రాకెట్టు ఇంకా కాలుతోంది, మోచేతికి చురుక్కుమంది. చిల్లు చుట్టూ మసిని గుడ్డతో తుడిచి, సీలెంటు వలయంలా పూసి, రేకు ముక్క అదిమి పట్టి నాలుగు మూలలా రివెట్లు కొట్టాడు. పైన పీచు, దానిమీద వెండి కాగితం. ఇరుకులో చెయ్యి తిరగక రెండుసార్లు రివెటు జారి ముఖం మీద పడింది. షారోన్ లైటు పట్టుకుంటానంటే హయాత్ చేత్తోనే వారించాడు. గంట పట్టింది.

ఫిలిప్ లేచేసరికి చొక్కా వీపంతా తడిసిపోయింది. హయాత్ ఇంజను వైపు బల్బు పెట్టాడు. ఈసారి నల్లగుడ్డ కిందికి షారోన్‌నే వెళ్లమన్నాడు.

"ఏమన్నా కనిపిస్తోందా అమ్మా?"

"లేదండీ."

"సరిగ్గా చూడు."

"చూశానండీ. చీకటే."

ఆమె కిందికి దిగాక ఫిలిప్ ముందు నిలబడింది. కాలి మీద ఎరుపు ఇంకా ఉంది. "ఇంకెక్కడన్నా ఉందా బాబాయ్?"

"లేదమ్మా."

ఆమె తలూపింది. వెంటనే బయల్దేరలేదు. ఇంజను స్టార్టు చేసి అలాగే కాసేపు రేసు చేసి, కిందికి దిగి, తలుపు దగ్గర నేలమీద గొంతుక్కూర్చుని, గేరు రాడ్డు మొదట్లో, సీటు కింద, తలుపు మూలన, పెడళ్ల వెనక, ఒక్కొక్కచోటా తన అరచెయ్యి పెట్టి చూసుకుంది. ఫిలిప్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె అన్నీ చూసుకునేదాకా కదల్లేదు.

"తోట దాకా నేను రానా?" అన్నాడు.

"వద్దులే బాబాయ్. గేర్లు అలవాటయ్యాయి. మళ్లీ మీరు తిరిగి రావాలి." కొంచెం ఆగి అంది, "సార్‌కి నా గురించి ఆ మాట చెప్పినందుకు... మంచిది."

బండి షెడ్డులోంచి వెనక్కి వచ్చి, తిరిగి, గేటు వైపు సాగింది. ఫిలిప్ రోడ్డుమధ్యకి వచ్చి నిలబడ్డాడు. దాని మోతని ఇంతకాలం లోపల కూర్చునే విన్నాడు. బయట నిలబడితే ఇలా ఉంటుందని తెలియదు. పొడిదగ్గులాంటి చప్పుడు, అంత పెద్దదేమీ కాదు. వరసనున్న షెడ్లలో పనివాళ్లు తలెత్తి ఆ లేత ఆకుపచ్చ బండిని చూస్తున్నారు. గేటు దగ్గర వేగం తగ్గింది. ఫస్టు. ఇప్పుడు సెకండుకి వెయ్యాలి. రెండుసార్లు తొక్కాలి.

మట్టిమీద ఫిలిప్ ఎడమకాలు ఒకసారి అదిమింది. ఎత్తింది. మళ్లీ అదిమింది.

అవతల గేరు ఏ గరగరా లేకుండా పడింది.